పఠాభి: తెలుగు కవి, కన్నడ చిత్ర దర్శకుడు

అంబత్తూరులో మన పిల్లలకు ఆధునిక కవుల పేర్లు చెప్పేటప్పుడు శ్రీశ్రీ దగ్గరే ఆగిపోతుంటాం. ఆ వెంటనే చెప్పవలసిన పేరు పఠాభి. అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1919 ఫిబ్రవరి 19న నెల్లూరులో పుట్టారు. గుమ్మిడిపూండి దాటి నేరుగా పోతే వచ్చే ఊరే. శాంతినికేతన్‌లోను, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలోను చదివారు.

కలం పేరు కోసం 'ట్ట' తీసి 'ఠ' పెట్టుకున్నారు. మేము గుమాస్తాగిరీ చేసిన రోజుల్లో పేరులో ఒక్క అక్షరం మారినా ఫైలు వెనక్కి వచ్చేది. ఆయన మాత్రం కావాలనే మార్చుకున్నారు! 1939లో వచ్చిన ఆయన 'ఫిడేలు రాగాల డజన్'లో పన్నెండు కవితలు. ఛందస్సును పక్కకు నెట్టి, ఇంగ్లీషు మాటలను తెలుగులో కలిపేసి, మదరాసు వీధులనూ కవిత్వంలోకి తెచ్చారు. పెద్దలు మండిపడ్డారు, కుర్రకారు సంబరపడింది. తర్వాతి పుస్తకం పేరు 'పఠాభి పన్చాంగం'. అది అచ్చుతప్పు కాదు, ఇంగ్లీషు 'పన్' మీద చమత్కారం.

సినిమాల్లోకి మొదట నిర్మాతగా వచ్చారు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1958లో వచ్చిన 'పెళ్లినాటి ప్రమాణాలు' నిర్మాణంలో ఆయనకు భాగం ఉంది. దర్శకుడిగా చేసిన మొదటి చిత్రం మాత్రం కన్నడ 'సంస్కార', 1970లో. యు.ఆర్.అనంతమూర్తి నవలకు గిరీశ్ కర్నాడ్ చిత్రానువాదం రాసి, ప్రాణేశాచార్యుడిగా నటించారు. ఆచారం వదిలేసిన నారణప్ప చనిపోతే శవానికి అంత్యక్రియలు ఎవరు చేయాలో తేలక అగ్రహారమంతా తిండి మానుకుని కూర్చోవడం కథ. నారణప్పతో కాపురం చేసిన చంద్రి పాత్రను పఠాభి గారి భార్య స్నేహలతారెడ్డి వేశారు. కెమెరా ఆస్ట్రేలియా వాడైన టామ్ కోవన్‌ది. కుల విద్వేషాలు రేగుతాయని సెన్సారు వారు మొదట నిషేధించారు. నిషేధం తొలగాక అదే చిత్రానికి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. కన్నడానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

స్నేహలత మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందం స్థాపకుల్లో ఒకరు. భార్యాభర్తలిద్దరూ లోహియా అభిమానులు. ఎమర్జెన్సీలో, 1976 మేలో, ఆమెను అరెస్టు చేసి బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం రోగి. 1977 జనవరిలో పెరోల్‌పై బయటికి వచ్చిన కొద్ది రోజులకే, 20వ తేదీన, కన్నుమూశారు.

పఠాభి ఆ తర్వాత కూడా ఆగలేదు. 'చండమారుత' 1977లో, 'శృంగార మాస' 1984లో, 'దేవర కాడు' 1993లో వచ్చాయి. అంతా కలిపి నాలుగు, నాలుగూ కన్నడమే. తెలుగులో ఒక్కటీ తీయలేదేమని మనవాళ్లు కొందరు నొచ్చుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు అందులో వింత ఏముంది? కవిత్వం మాత్రం ఆయన తెలుగులోనే రాశారు.

2006 మే 6న బెంగళూరులో కన్నుమూశారు.