గాలి ఆడే ఇల్లు, గాలి చొరబడే ఇల్లు

పంక్చర్ షాపులో ట్యూబుకు గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచుతారు. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ కన్నం ఉన్నట్టు. ఇంటికీ ఇలాంటి పరీక్షే పెట్టే సాధనం స్వీడన్‌లో 1977 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. ఆ చలిదేశంలో తలుపు సందులోంచి వచ్చే గాలి హాయి కాదు, ఇంధనం ఖర్చు. ఆ సాధనం ఒక ఫ్యాన్, దాన్ని అక్కడ కిటికీలో బిగించేవారు. ఓకె బ్లోమ్‌స్టర్‌బర్గ్ అనే పరిశోధకుడు 1979లో ఆ విద్యను అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లారు. అమెరికాలో ఫ్యాన్ గుమ్మంలోకి మారింది, 'బ్లోయర్ డోర్' అన్న పేరు స్థిరపడింది.

ప్రిన్స్‌టన్ బృందం అప్పటికే న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ ఇళ్లను ఏళ్ల తరబడి పరిశీలిస్తోంది. 1973 చమురు సంక్షోభం ఆ పనికి తొందర పెంచింది. అటక మీద వేడిని ఆపే గాజుదూది మందంగా పరిచినా వేడి ఎందుకు పోతోందో మొదట వాళ్లకు అంతుపట్టలేదు. చివరకు దొంగదారులు దొరికాయి: ఇళ్ల మధ్య ఉమ్మడి గోడల డొల్లల్లోంచి, పొగగొట్టం చుట్టూ వదిలిన ఖాళీల్లోంచి వేడిగాలి నేరుగా అటక ఎక్కుతోంది. పైన పరిచిన గాజుదూది దాన్ని ఆపలేదు. ఆ దారులకు 'థర్మల్ బైపాస్' అని పేరు పెట్టారు. పరికరాలతో వచ్చి ఇంటి రోగం కనిపెట్టే మనిషిని 'హౌస్ డాక్టర్' అన్నారు. ఈ శాస్త్రంలో ఇంత చక్కని మాట మరొకటి లేదని నా అభిప్రాయం.

కొలతల పేర్లలోనే చిక్కంతా ఉంది. ఇంటి లోపలికీ బయటికీ మధ్య 50 పాస్కల్‌ల పీడన తేడా వచ్చేలా ఫ్యాన్ తిప్పుతారు. ఇది 5 మిల్లీమీటర్ల ఎత్తు నీటి బరువంత. గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి గోడను నెట్టే ఒత్తిడి కూడా దాదాపు ఇంతే. మామూలు గాలివాటుకు అంకెలు చెదరకుండా ఉండాలని ఇంత ఒత్తిడి పెడతారు. 300 ఘనమీటర్ల ఇంట్లో ఆ ఒత్తిడిని నిలపడానికి ఫ్యాన్ గంటకు 900 ఘనమీటర్లు లాగాల్సి వస్తే, ఇంటి గాలి గంటకు 3 సార్లు మారినట్టు లెక్క. స్వీడన్ నిబంధనలు ఒకప్పుడు విడి ఇళ్లకు పెట్టిన హద్దు సరిగ్గా ఇదే. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో అతి తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండే ఇల్లు, తొలి పాసివ్‌హౌస్, వెలిసింది. ఆ పద్ధతిలో హద్దు 0.6కు దిగింది.

బ్రిటన్‌వాళ్లు ఇంటి ఘనపరిమాణాన్ని పక్కనపెట్టి, గోడలు, కప్పు, నేల కలిపిన వైశాల్యంతో భాగించారు. 2002లో పెద్ద భవనాలకు వాళ్లు పెట్టిన హద్దు చదరపు మీటరుకు గంటకు 10 ఘనమీటర్లు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల మరోలా అడిగింది: ఇంట్లోని సందులన్నీ ఒకచోట చేరిస్తే ఎంత పెద్ద కన్నం అవుతుంది? ఆ లెక్క 4 పాస్కల్‌ల దగ్గర కడతారు. కెనడా అలాంటి లెక్కనే 10 పాస్కల్‌ల దగ్గర కట్టింది. ఇల్లు ఒకటే అయినా అంకెలు వేరు. పేరు చూడకుండా వీటిని పోల్చడం గజాలనూ మీటర్లనూ కలిపి కూడినట్టే.

50 పాస్కల్‌ల దగ్గర ఇంటి గాలి గంటకు ఎన్నిసార్లు మారిందో చెప్పే అంకెను 20తో భాగిస్తే మామూలు రోజుల్లో చొరబడే గాలి సుమారుగా తెలుస్తుందన్న సూత్రం కూడా ప్రిన్స్‌టన్ పరిశోధనల్లోంచే వచ్చింది. అది ఉజ్జాయింపు మాత్రమే. వాతావరణం, ఇంటి ఎత్తు, చుట్టూ ఉన్న మరుగు కూడా చూడాలని బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకుడు మాక్స్ షెర్మన్ 1987లో దాన్ని సవరించారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2007 నాటి భారత ఇంధన పొదుపు భవన నియమావళి మామూలు కిటికీలకు చదరపు మీటరుకు సెకనుకు 2 లీటర్లు, అద్దాల ప్రవేశద్వారాలకు 5 లీటర్లు అని చొరబడే గాలికి హద్దు పెట్టింది. నివాసాల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత మరో వైపు నుంచి మాట్లాడింది: విశాఖ వంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం గచ్చు వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలంది. నా దృష్టిలో ఈ రెండూ పరస్పర విరుద్ధం కావు. మనం తెరిచిన కిటికీలోంచి వచ్చే గాలి వేరు, మూసిన తలుపు సందులోంచి ఏసీ గదిలోకి దూరే తేమగాలి వేరు. ఆ తేమను నీరుగా మార్చడానికి కూడా ఏసీ కరెంటు తాగుతుంది.

మొదటిదానికి తెలుగులో ఎప్పటినుంచో మాట ఉంది, గాలి ఆడటం. రెండోదాన్ని గాలి చొరబాటు అందాం. నియమాలను తెలుగులోకి తెచ్చే ఇంజినీర్లకు నా విన్నపం ఇదే: ఈ రెంటినీ 'గాలి ప్రసరణ' అనే ఒక్క మాట కింద కలిపేయకండి. అంకె రాసిన ప్రతిచోటా ఎన్ని పాస్కల్‌ల దగ్గర కొలిచారో, దేనితో భాగించారో పక్కనే రాయండి.