దీర్ఘరోగుల పోషణభార మెవరిది?

చికిత్సకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది: వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి. అచట ద్రవ్యమనగా నౌషధము. మన వాడుకలోనో, ధనము! ఆంగ్లదేశమున దీర్ఘరోగుల చరిత్రమంతయు నీ రెండవ యర్థమును చుట్టియే తిరిగినది.

1601 నాటి శాసనముచే నిరుపేదల పోషణ మాయా గ్రామమండలముల పాలైనది. 1834 నాటి శాసనము వర్కుహవుసు లను పేదలపనిశాలలను వ్యాపింపజేసెను. లోపలి బ్రదుకు బయటి కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుండవలెనన్నది దాని సూత్రము. పనిచేయలేని వృద్ధులు, పక్షవాతరోగులు నచటనే మంచము పట్టిరి.

1935లో లండను చెంతనున్న వెస్టు మిడిల్‌సెక్సు ఆసుపత్రిలో మార్జొరీ వారెన్ అను వైద్యురాలికి అట్టి శాలలోని 700కు పైగా రోగులు అప్పగింపబడిరి. ఆమె యొక్కొక్కరిని వేరువేరుగా పరీక్షించి, వ్యాధిని బట్టి విభజించి, లేవగలవారిని లేపి నడిపించెను. ఇండ్లకు మరలినవారును గలరు. తక్కిన వైద్యులు చిన్నచూపు చూచిన పనినే యామె జీవితవృత్తిగా గైకొనెను. ముదుసలి యని త్రోసివేయక, ‘ఈతని కేమి కావలయును?’ అని విచారించు విద్యకు ఆమెయే మార్గదర్శిని యని నా తలంపు.

1948 జూలై 5న జాతీయారోగ్యసేవ ప్రారంభమయ్యెను, చికిత్స యుచితము. అదే దినమున నమలులోనికి వచ్చిన జాతీయ సహాయ శాసనము ననుసరించి వృద్ధుల వసతి స్థానికసంస్థలదయ్యెను. దానికి శక్తికొలది రుసుము చెల్లింపవలెను. ఒకే మంచముపైనున్న మనుష్యుడు ‘రోగి’ యైనచో పైకముతో పనిలేదు; ‘ఆలనపాలన కోరువాడు’ అయినచో నిల్లమ్ముకొనవలసి రావచ్చును. ఇంటి గతి యొక్క మాటపై నాధారపడినది!

1971లో రోడ్డుప్రమాదమున నవయవములు చచ్చుపడిన పమేలా కోగ్లన్ అను నామెను 1993లో ఎక్సెటరు నందలి మార్డన్ గృహమునకు చేర్చుచు, జీవితాంత మిదియే నివాసమని యధికారులు మాట యిచ్చిరి. 1998లో దానిని మూయ నిశ్చయించిరి. ఆమె న్యాయస్థానమున కెక్కెను. ఆమె యవసరము ప్రధానముగా నారోగ్యసంబంధమైనది గాన, స్థానికసంస్థపై నెట్టరాదనియు, ఇచ్చిన మాట తప్పుట యన్యాయమనియు 1999లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను.

పిమ్మట 2007లో ఆంగ్లదేశమంతటి కొకే విధాన మేర్పడెను. నేడు శ్వాస, ఆహారము, చర్మము, చలనము, బుద్ధి మొదలగు 12 విషయములలో రోగిని పరీక్షించి, యవసరముల స్వభావమును, తీవ్రతను, చిక్కును, ముందు తెలియరానితనమును తూచెదరు. అర్హుడని తేలినచో నాస్తిపాస్తుల ప్రసక్తి లేకయే ఆరోగ్యసేవ యా వ్యయమును భరించును. పలువు రనుభవజ్ఞులైన నర్సులీ పరీక్షను వృత్తిగా స్వీకరించుచున్నారు.

నా పూర్వ శిష్యురా లొకతె యచట నర్సు. మంచముకడ సేవ మాని యీ వృత్తిలో చేరిన సేవాధర్మమునకు లోపమా యని నన్నడిగెను. లోపము కాదంటిని. మంచి పరిచర్యచే పుండు మానియున్నంతమాత్రమున నవసరము లేదనరాదని యా విధానమే చెప్పుచున్నది. ఆ పరిచర్య మానినచో నేమగునో చేసినవారికే తెలియును. అర్హత విచారించునపుడు బొక్కసమును తలపరాదనియు నందున్నది. కాదని తేల్చినచో, కుటుంబమువా రారు మాసములలోగా పునర్విచారణ కోరవచ్చును.