టాలెస్ట్ ముందు 'ది' ఎలా చేరింది?

'హి ఈజ్ టాలెస్ట్ బాయ్' అని రాస్తే ఎర్ర సిరా పడుతుంది. సూపర్‌లేటివ్ ముందు 'ది' పెట్టాలన్నది నియమం. ఎందుకని అడిగితే మాత్రం గ్రామర్ అంతేనంటారు.

నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలో ఈ ప్రశ్న వేయదగిన చోట్లు రెండున్నాయి. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, 2020లో మైసూరు నుంచి తరలివచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం. జవాబుకు ఇంగ్లీషు, తెలుగు రెండూ కావాలి మరి.

తెలుగులో 'అందరికన్నా వాడే పొడుగు' అంటాం. ముందు అందర్నీ లెక్కలోకి తెచ్చి, 'ఏ'తో ఒకణ్ణి వేరుచేస్తాం. 'పొడుగు' చెక్కుచెదరదు. ద్రావిడ భాషల్లో పోలిక చెప్పడానికి విశేషణానికి ప్రత్యయం తగిలించరని ఆ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ 1856లోనే చెప్పాడు.

ఇంగ్లీషు దారి వేరు. దాని 'ఎస్ట్', సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ, శ్రేష్ఠల్లోని 'ఇష్ఠ' ఒకే మూలం నుంచి పుట్టినవే. కాబట్టి 'అత్యంత శ్రేష్ఠమైన' అని రాసే మన పత్రికలవాళ్ళకి 'మోస్ట్ బెస్ట్' అన్న పిల్లాణ్ణి చూసి నవ్వే హక్కు లేదు!

అయితే సంస్కృతానికి ప్రత్యయమే చాలింది, ఆర్టికల్ లేదు. ఇంగ్లీషుకు 'ది' తర్వాత అబ్బింది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో 'ఆ' అని చూపించే మాట పుంలింగంలో 'సే', స్త్రీలింగంలో 'సేయో', నపుంసకంలో 'థాట్'. ఇవికాక విభక్తికో రూపం. తెలిసిన ఫలానా మనిషిని చూపించేటప్పుడు విశేషణం చివర కూడా మారేది: 'సే బెట్‌స్టా', అంటే అందరిలోకీ మంచివాడైన ఆ మనిషి. ఒక గుంపులో అగ్రస్థానం ఎవరిదో అనేసరికి ఆ ఫలానావాడు తేలిపోతాడు గనక, సూపర్‌లేటివ్ పక్కన ఈ 'ఆ' తరచూ వచ్చేది.

తర్వాత ఇంగ్లీషులో లింగాలు, విభక్తులు అరిగిపోయాయి. 12వ శతాబ్దంలో పీటర్‌బరో మఠంలో రాసిన చరిత్ర చివరి పుటలకి వచ్చేసరికి ఆ రూపాలు చాలావరకు ఒక్క 'థె'గా కుదించుకుపోయాయి. 'థాట్' మాత్రం 'దట్'గా విడిగా బతికింది. విశేషణం చివరి గుర్తులూ క్రమంగా రాలిపోయాయి. ఫలానా అని చెప్పే భారం ముందున్న చిన్న మాట మీదే పడింది.

అంటే 'ది' కాపలా కాసేది 'టాలెస్ట్'ని కాదు, ఆ 'బాయ్'ని. అందుకే 'మై బెస్ట్ ఫ్రెండ్' అన్నప్పుడు 'ది' రాదు, ఎవరి ఫ్రెండో 'మై' చెప్పేసింది. ఏరు ఇక్కడే బాగా లోతు అనడానికి 'ది రివర్ ఈజ్ డీపెస్ట్ హియర్' అంటే సరిపోతుంది. డీపెస్ట్ ముందు 'ది' అక్కర్లేదు, అక్కడ ఏరుల మధ్య పోటీ లేదు.

ఇంగ్లీషు మాస్టార్లూ, సూపర్‌లేటివ్ పాఠం చెప్పేముందు పిల్లల చేత ఒకసారి 'వాడే' అనిపించండి. 'ది' సంగతి ఆ తర్వాత చెప్పండి.