రాస్ దీవిలో చర్చి, ముస్‌లో సంఘం

ఊళ్లనుంచి చుట్టాలొస్తే మనం ముందుగా తీసుకెళ్లేది రాస్ దీవికే. 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా పేరు మారిన ఆ చోటికి పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో పావుగంట కూడా పట్టదు. జింకలను దాటుకుంటూ మెరక ఎక్కితే పాత ప్రెస్బిటేరియన్ చర్చి కనిపిస్తుంది. పైకప్పు లేదు. రాతిగోడల మీద మర్రిజాతి చెట్ల వేళ్లు పాకి, రాళ్ల సందుల్లోకి దిగి, ఇప్పుడు ఆ గోడలను అవే పట్టి నిలబెడుతున్నాయా అనిపిస్తుంది. కమాన్లన్నీ ఖాళీ. ఒకప్పుడు వాటికి బర్మా టేకు చట్రాలుండేవి, బలిపీఠం వెనక ఇటలీ నుంచి తెప్పించిన రంగుటద్దాలుండేవి. ఐరోపా పల్లెల్లో చదువురానివాళ్లు చర్చి గోడల మీది బొమ్మలు చూసి బైబిలు కథలు నేర్చుకున్నారని అంటుంటారు. ఇక్కడ బొమ్మలూ లేవు, చూసే సంఘమూ లేదు. 1858 నుంచి దొరలు కాపురమున్న దీవి ఇది. 1941 జూన్ 26న భూకంపం వచ్చింది, మరుసటి మార్చిలో జపాన్ సైన్యం దిగింది. దాంతో అంతా అయిపోయింది.

అందమైన చోటే, కాదనను. కానీ అది పాలకుల చర్చి. మన అండమాన్ నికోబార్ డయోసిస్ వేళ్లు కార్ నికోబార్‌లోని ముస్ గ్రామంలో ఉన్నాయి. అనుమతి పత్రం లేనిదే అక్కడికి బయటివాళ్లెవరూ వెళ్లలేరు, చుట్టాలకు చూపించలేం. అందుకే ఈ వజ్రోత్సవ సంచికలో ఆ కథ చెప్పుకోవాలి.

1768లో మొరేవియన్ మిషనరీలు నికోబార్ దీవుల్లోని నాన్‌కౌరీలో దిగారు. జ్వరాలతో ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. 1787లో మిగిలినవాళ్లు ఆశ వదులుకుని వెళ్లిపోయారు. శతాబ్దం దాటాక, 1890లలో, వేదప్పన్ సాలమన్ అనే ఉపదేశి ముస్‌లో బడి పెట్టాడు. అందులో చదివిన నికోబారీ కుర్రాడే జాన్ రిచర్డ్‌సన్. బర్మాలో చదువు ముగించుకుని, మళ్లీ సొంత దీవికే వచ్చి పంతులయ్యాడు. 1934లో గురువుగా అభిషేకం పొందాడు. జపాన్ వాళ్ల కాలంలో గూఢచారులన్న అనుమానంతో ఎందరో నికోబారీలను చంపారు. ఆ గండం గడిచి బతికిన రిచర్డ్‌సన్, తల్లిని కోల్పోయిన పిల్లల్లా బెదిరిపోయిన జనాన్ని మళ్లీ దగ్గరకు చేర్చాడు. కొత్త నిబంధనను తన వాళ్ల భాషలోకి తెచ్చాడు. 1950లో బిషప్ అయ్యాడు, 1966లో మన డయోసిస్ ఏర్పడితే దానికి తొలి బిషప్ ఆయనే.

తెలుగువాళ్లుగా మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటుంది. 1952లో తొలి లోక్‌సభకు ఈ దీవుల తరఫున రిచర్డ్‌సన్‌ను నియమించారు. అదే సభలో విశాఖపట్నం నుంచి గెలిచిన గాం మల్లుదొర కూర్చున్నాడు. అల్లూరి అనుచరుడిగా అండమాన్ జైలులో శిక్ష అనుభవించిన మనిషి ఆయన.

బిషప్ 1978లో కన్నుమూశారు. ఆయన చేతులమీదుగా బాప్తిస్మం పొందినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల మాటలు ఈ వజ్రోత్సవ ఏడాదిలోనే రికార్డు చేయించి, మన యువజన సంఘం భద్రపరచాలి.