రెండు పాస్‌పోర్టులతో విదేశీ ప్రయాణం: ఎక్కడ ఏది చూపాలి, భారతీయ చట్టం ఏమంటుంది?

ఒకే వ్యక్తి రెండు దేశాల పాస్‌పోర్టులు కలిగి ఉండటాన్ని బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా వంటి పలు దేశాలు అనుమతిస్తున్నాయి. భారత్ అనుమతించదు. విదేశీ పౌరసత్వం స్వీకరించిన తరువాత కూడా పాత భారతీయ పాస్‌పోర్టుతో ప్రయాణించవచ్చన్న భావన ప్రవాస కుటుంబాలను చిక్కుల్లోకి నెడుతోంది. ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించే దేశాల మధ్య ప్రయాణించేవారికి సైతం ప్రతి సరిహద్దు వద్ద కచ్చితమైన నియమాలు ఉన్నాయి.

భారత్‌లో చట్టపరమైన స్థితి

పౌరసత్వ చట్టం-1955లోని సెక్షన్ 9 ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం పొందిన వ్యక్తి భారత పౌరసత్వాన్ని కోల్పోతాడు. ఇందుకు ప్రత్యేకంగా రాజీనామా పత్రం ఇవ్వవలసిన అవసరం లేదు. విదేశీ పౌరసత్వం లభించిన క్షణం నుంచే అది అమలవుతుంది. పాత పాస్‌పోర్టుపై ముద్రించిన గడువు ఇంకా మిగిలి ఉన్నా ఫలితం మారదు.

మరో దేశ పాస్‌పోర్టు పొందడాన్ని ఆ దేశ పౌరసత్వం స్వీకరించినట్లు తిరుగులేని రుజువుగా పౌరసత్వ నియమాలు పరిగణిస్తాయి. ఇజార్ అహ్మద్ ఖాన్ కేసులో 1962లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని సమర్థించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న సయ్యద్ మొహమ్మద్ ఖాన్ కేసులో, వివాదం తలెత్తినప్పుడు పౌరసత్వం పోయిందా లేదా అన్నది ముందుగా కేంద్ర ప్రభుత్వమే విచారించి తేల్చాలని, ఆ తరువాతే రాష్ట్రం చర్యకు దిగవచ్చని స్పష్టం చేసింది.

ఇటీవలి ఉదాహరణ తెలంగాణకు చెందినది. వేములవాడ మాజీ శాసనసభ్యుడు చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పి, రూ.30 లక్షల ఖర్చులు విధించింది.

పాస్‌పోర్టు అప్పగింత

విదేశీ పౌరసత్వం పొందినవారు తమ భారతీయ పాస్‌పోర్టును ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో అప్పగించాలి. అధికారులు దానిని రద్దు చేసి అప్పగింత ధ్రువపత్రం జారీ చేస్తారు. ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకునే సమయంలో ఈ పత్రం అవసరమవుతుంది. అప్పగించకుండా ఉంచుకున్నా, దానితో ప్రయాణించినా పాస్‌పోర్టుల చట్టం-1967 కింద చర్యలు, జరిమానాలు ఎదుర్కోవలసి వస్తుంది.

ఓసీఐ పౌరసత్వం కాదు

‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ అన్న పేరు వల్ల దీనిని ద్వంద్వ పౌరసత్వంగా పొరబడేవారు ఎక్కువ. 2005లో మొదలైన ఈ పథకం నిజానికి జీవితకాల, బహుళ ప్రవేశ వీసా వంటిది. ఓసీఐ కార్డుదారులకు ఓటు హక్కు ఉండదు. ఎన్నికలలో పోటీ చేయరాదు, వ్యవసాయ భూమి కొనరాదు. పాత్రికేయ వృత్తి, పరిశోధన, మత ప్రచారం, పర్వతారోహణ వంటి పనులకు ముందస్తు అనుమతి తప్పనిసరి. వీరు భారత్‌కు వచ్చేటప్పుడు చెల్లుబాటులో ఉన్న విదేశీ పాస్‌పోర్టును, ఓసీఐ కార్డును కలిపి చూపాలి. రద్దయిన పాత పాస్‌పోర్టును వెంట తేవాలన్న నిబంధనను 2021లో సడలించారు.

పిల్లల విషయంలో

విదేశంలో పుట్టిన బిడ్డకు ఆ దేశ చట్టం పుట్టుకతోనే పౌరసత్వం ఇచ్చినప్పుడు తల్లిదండ్రులకు సందిగ్ధత ఎదురవుతుంది. తల్లి లేదా తండ్రి భారత పౌరులైతే, నిబంధనలకు లోబడి ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననాన్ని నమోదు చేయించి బిడ్డకు భారత పౌరసత్వం కోరవచ్చు. అయితే బిడ్డకు మరో దేశ పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటన ఇవ్వాలి. అంటే మైనర్ విషయంలో చట్టం రెండు పౌరసత్వాలను కొంతకాలం సహిస్తుంది గానీ, రెండు పాస్‌పోర్టులను సహించదు. యుక్తవయస్సు వచ్చిన ఆరు నెలలలోగా విదేశీ పౌరసత్వాన్ని వదులుకోకపోతే భారత పౌరసత్వం రద్దవుతుంది.

ఏ సరిహద్దులో ఏ పాస్‌పోర్టు?

ద్వంద్వ పౌరసత్వం చట్టబద్ధమైన చోట సాధారణ సూత్రం ఒక్కటే: ఏ దేశ పౌరుడో ఆ దేశంలోకి ఆ దేశ పాస్‌పోర్టుతోనే ప్రవేశించాలి. అమెరికా చట్టం తన పౌరులు అమెరికా పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగించాలని కోరుతుంది. ఆస్ట్రేలియా విధానమూ ఇదే. కెనడాకు విమానం ఎక్కే ద్వంద్వ పౌరులు కెనడా పాస్‌పోర్టు చూపాలి; అమెరికా పౌరసత్వం కూడా ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది.

ఉదాహరణకు ఆస్ట్రేలియా, బ్రిటన్ పౌరసత్వాలు రెండూ ఉన్న వ్యక్తి సిడ్నీ నుంచి లండన్ వెళుతున్నట్లయితే, విమానయాన సంస్థ కౌంటర్‌లో గమ్యస్థానంలో ప్రవేశార్హత చూపే బ్రిటిష్ పాస్‌పోర్టును, సిడ్నీ ఇమిగ్రేషన్ వద్ద ఆస్ట్రేలియా పాస్‌పోర్టును, లండన్‌లో మళ్లీ బ్రిటిష్ పాస్‌పోర్టును చూపాలి. మూడో దేశానికి వెళ్లినప్పుడు ఏ పాస్‌పోర్టుతో ప్రవేశించారో దానితోనే బయటకు రావాలి. లేకుంటే ప్రవేశ నమోదు లేని వ్యక్తిగా విచారణ ఎదుర్కోవలసి రావచ్చు.

రెండు పాస్‌పోర్టులలో పేరు ఒకేలా ఉండటమూ ముఖ్యమే. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉన్నా, వివాహానంతరం ఒకదానిలోనే పేరు మారినా టికెట్‌పై ఉన్న పేరుతో సరిపోలక ఇబ్బంది కలుగుతుంది. అటువంటివారు పేరు మార్పును ధ్రువీకరించే పత్రాన్ని వెంట ఉంచుకోవాలి.

రక్షణకు పరిమితులు

పౌరసత్వ చట్టాల వైరుధ్యాలపై 1930లో కుదిరిన హేగ్ ఒప్పందంలోని 4వ అధికరణం ప్రకారం, ఒక వ్యక్తి ఏ దేశానికి కూడా పౌరుడో ఆ దేశానికి వ్యతిరేకంగా రెండో దేశం అతనికి దౌత్య రక్షణ కల్పించరాదు. ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించని ఇరాన్‌లో, బ్రిటిష్-ఇరానియన్ నజనీన్ జఘారీ-రాట్‌క్లిఫ్‌ను 2016 ఏప్రిల్‌లో టెహ్రాన్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. ఇరాన్ ఆమెను తన పౌరురాలిగానే పరిగణించింది. ఆమె బ్రిటన్‌కు తిరిగి చేరుకున్నది 2022 మార్చిలో.

అందువల్ల ద్వంద్వ పౌరులు ప్రయాణానికి ముందు రెండు పాస్‌పోర్టుల గడువునే కాక, గమ్యస్థాన దేశం తమను ఏ పౌరులుగా గుర్తిస్తుందో కూడా తెలుసుకోవాలి. భారత సంతతివారి విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం స్పష్టం. విదేశీ పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి వారు భారత్‌కు విదేశీ పాస్‌పోర్టుతో, ఓసీఐ కార్డుతో లేదా వీసాతో మాత్రమే రావలసి ఉంటుంది.