మూడో పేరు బలరాం

భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగం మాట వస్తే కలకత్తా వాళ్లు మూడు పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు: చుని, పీకే, బలరాం. చుని గోస్వామి, పీకే బెనర్జీ బెంగాల్ బిడ్డలు. మూడో ఆయన, తులసీదాస్ బలరాం, మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. తమిళ కుటుంబం, చాలీచాలని బతుకు. పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టే అతనికిచ్చి, బంతాటకు పనికొచ్చేలా బాగు చేయించుకుని మైదానంలో దిగాడని చెబుతారు.

ఆ కుర్రాడు రహీం సాబ్ కంట పడ్డాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలో మేటిగా నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీమే అప్పుడు భారత జట్టుకూ కోచ్. ప్రాక్టీసుకు వచ్చిపోయే దారి ఖర్చులకు కూడా కుర్రాడి దగ్గర డబ్బుల్లేవని తెలిసి, సైకిల్ అద్దె రహీమే ఇచ్చాడట. 1956లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఏడాది బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మన జట్టు సెమీస్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది.

1957లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్ పిలిచింది. అప్పట్లో మన హైదరాబాదీలకు కలకత్తా మైదాన్ పుట్టింటి లెక్కే, కాకపోతే అక్కడి అభిమానులు గోలు కొడితే నెత్తిన పెట్టుకుంటారు, తప్పితే నిలదీస్తారు. బలరాం వాళ్ల చేత నిలదీయించుకున్నది తక్కువే. 1961లో అతని కెప్టెన్సీలో జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో 23 గోల్సుతో లీగ్ టాప్ స్కోరర్ కూడా అతనే. 1962 రోవర్స్ కప్‌ను ఈస్ట్ బెంగాల్, మన హైదరాబాద్ జట్టు ఆంధ్రా పోలీస్ చెరి సగం పంచుకోవడం ఓ ముచ్చట.

నన్నడిగితే అతని అసలు సత్తా తేలింది 1960 రోమ్ ఒలింపిక్స్‌లో. మన గ్రూపులో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. ఊపిరాడనివ్వని గ్రూపు. హంగేరీ తరఫున ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ తర్వాత 1967లో బాలన్ డి ఓర్ అందుకున్నాడు. అలాంటి జట్టు మీద, రెండు గోల్స్ వెనకబడి ఉన్నా, ఆఖరి పావుగంటలో బలరాం ఒకటి కొట్టాడు. 2-1తో ఓడాం. ఫ్రాన్స్‌తో పీకే గోలుతో 1-1 డ్రా. పెరూ మీద ఓడినా మన ఒక్క గోలూ మళ్లీ బలరాందే. అంటే రోమ్‌లో మనవాళ్లు కొట్టిన మూడు గోల్సులో రెండు అమ్ముగూడవే.

రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద బలరాం గోల్స్ కొట్టాడు. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న రోజది. ఆ ఏడాదే బలరాంకు అర్జున అవార్డు.

1963లో రహీం సాబ్ కన్నుమూశాడు. అదే ఏడాది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) జట్టుకు మారిన బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు. ముప్ఫై కూడా నిండలేదు. ఆ తర్వాత జీవితమంతా బెంగాల్లోనే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో గడిపాడు. 2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల వయసులో పోయాడు.

చునికి పద్మశ్రీ వచ్చింది, పీకేకీ వచ్చింది. బలరాంకు ఏ పద్మ పురస్కారమూ రాలేదు. ఆటలో మాత్రం ఆ ఇద్దరి కంటే అతను ఒక్క మెట్టూ తక్కువ కాదు.