ముక్కోణములోని అంకె

బంగాళాదుంప చిప్సు పొట్లమును ఖాళీచేసి లోపల చూచినచో అది వెండివలె మెరయుచుండును. కంటికి ఒకే రేకువలె కనబడును గాని, నిజమునకు అది పలుచని పొరల కూర్పు. వెలుపలి పొర సాధారణముగా పాలీప్రొపిలీను. దాని వెనుక అల్యూమినియపు పూత గల మరియొక పొర ఉండును. ఈ రెంటిని బంకయో మరొక ప్లాస్టికో అంటిపెట్టుకొని ఉండును. అల్యూమినియపు పూత మందము మైక్రానులో పదియవ వంతునకు మించదు; అయినను వెలుతురును, తేమను, ప్రాణవాయువును అరికట్టునది ముఖ్యముగా అదియే. చిప్సును నెలల తరబడి కరకరలాడునట్లు కాపాడు ఈ అతుకే, పొట్లము పని తీరిన పిదప దానిని కరిగించి మరల వాడుకొనుటకు అడ్డమగుచున్నది.

ఈ చిక్కు ఒక్కనాట పుట్టినది కాదు. 1933 మార్చిలో ఇంగ్లండునందలి విన్నింగ్టన్ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అను రసాయన శాస్త్రజ్ఞులు ఇథిలీను వాయువును బెంజాల్డిహైడుతో చేర్చి, వెయ్యి వాతావరణములకు మించిన పీడనమున వేడిచేసిరి. కోరిన చర్య జరుగలేదు. పాత్రలో తెల్లని మైనము వంటి పదార్థము కొంచెము మిగిలెను. అదియే పాలిథీను. పొరపాటున చొరబడిన కొద్దిపాటి ప్రాణవాయువే దాని పుట్టుకకు తోడ్పడినదని తరువాత గాని తెలియలేదు. 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు నేడు నీళ్ల సీసాలకు వాడు పెట్ పదార్థమును కనుగొనిరి. 1954లో ఇటలీయందు నట్టా పాలీప్రొపిలీనును సిద్ధము చేసెను. ఒక్కొక్కటి ఒక్కొక్క గుణమునకు ప్రసిద్ధమైనది. ఇవి అన్నియు ఒకనాడు ఒకే చెత్తబుట్టలో చేరునని అప్పుడెవరును తలపోసినట్లు లేదు.

అన్నిటిని కలిపి కరిగించినచో వచ్చు నష్టమేమి? వేర్వేరు ప్లాస్టిక్కులు నూనె, నీరు వలె ఒకదానితో నొకటి కలియవు. కలిపి పోత పోసిన వస్తువు పెళుసుగా విరిగిపోవును. పెట్ కరగుటకు సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. అందులో పి.వి.సి. ముక్కలు కొన్ని కలిసినను, ఆ వేడికి అవి విచ్ఛిన్నమై హైడ్రోక్లోరికామ్లమును విడుచును. అది పెట్ అణువుల గొలుసులను తెంచును.

కనుక ముందుగా వేరుచేయవలెను. ఇందుకు గల ఒక సులభోపాయమును తరగతిలోనే చూపవచ్చును. నీళ్ల సీసా ముక్కను, దాని మూత ముక్కను సబ్బు చుక్క కలిపిన నీటిలో వేయవలెను. మూత తేలును, సీసా ముక్క మునుగును. కర్మాగారములలో జరుగు పనియు ఇట్టిదే. అయితే పెట్, పి.వి.సి.ల సాంద్రత ఇంచుమించు సమానము, రెండును మునుగును. ఇక పొరల పొట్లము తేలినను మునిగినను, దానిలోని పొరలను నీరు విడదీయజాలదు.

1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమల సంఘము వస్తువులపై బాణపు గుర్తుల ముక్కోణమును, దానిలో 1 నుండి 7 వరకు ఒక అంకెను ముద్రించు పద్ధతిని ప్రవేశపెట్టెను. అంకె ప్లాస్టిక్కు జాతిని మాత్రమే తెలుపును. కాని బాణములను చూచిన గృహస్థులు ఆ వస్తువు తప్పక తిరిగి వాడుకకు వచ్చునని నమ్మిరి. ఆరు జాతులలో చేరనివి, పొరలు కలిసినవి అన్నియు ఏడవ అంకె క్రిందికి వచ్చినవి. 2013లో బాణములను తీసివేసి ఆ ప్రమాణమున ఉత్త ముక్కోణమునే ఉంచిరి. పావు శతాబ్దము ఆలస్యమైనది. 2015 వరకు ప్రపంచమున పోగైన ప్లాస్టిక్కు వ్యర్థములో తిరిగి వాడుకకు వచ్చినది సుమారు నూటికి 9 వంతులే యని 2017లో ప్రకటితమైన ఒక లెక్క తెలిపినది.

మన దేశమున 2016 నాటి నిబంధనలు, తిరిగి వాడుటకు వీలులేని బహుళ పొరల ప్లాస్టిక్కును రెండేండ్లలో మాన్పవలెనని ఆదేశించినవి. 2018 సవరణ ఆ వాక్యమునకు మరి రెండు మాటలు చేర్చినది: ఇంధనముగా పనికిరానిది, వేరే ఉపయోగము లేనిది. సిమెంటు బట్టీలో మండించుటకు పనికివచ్చు పొట్లమునకు ఆ విధముగా తప్పించుకొను దారి దొరికినది.

చెత్త ఏరుకొనువారికి ఈ అంకెలతో నిమిత్తము లేదు. నీళ్ల సీసాను గోనెలో వేసికొందురు, మెరయుచున్న పొట్లమును అచ్చటనే విడిచిపోవుదురు. కిలో తూగుటకు అవి వందలు కావలెను. తూగినను పాత సామాను కొట్టులో వాటిని కొనువారు అరుదు.